మూడు బ్యాచ్‌లూ పాడయ్యాయి, పెద్ద సెటప్ కొంటే బాగుపడుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌తో (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ నుంచి తీసిన తీపి పాకం లేదా పొడి) 20 లీటర్ల చొప్పున మూడు బ్యాచ్‌ల బీరు చేశారు. మొదటిదానికి బ్యాండేజీ విప్పినప్పుడు వచ్చే ఆసుపత్రి వాసన పట్టింది. రెండోది రుచికి పర్వాలేదు గానీ మూత తీస్తే సగం నేలపాలైంది, ఒక బాటిల్ అలమరాలోనే పగిలింది. మూడోది గొంతులో మంట, నెయిల్ పాలిష్ రిమూవర్ లాంటి ఘాటు. ప్రతిసారీ రెసిపీ, ఈస్ట్, చేదునూ వాసననూ ఇచ్చే హాప్స్ పూలు అన్నీ మార్చి చూశారు. ఇప్పుడు స్టీల్ కెటిల్ కొని, ఎక్స్‌ట్రాక్ట్ వదిలేసి, నేరుగా గింజల నుంచి చేసే ఆల్ గ్రెయిన్ పద్ధతికి వెళ్తే బాగుపడుతుందా అని అడుగుతున్నారు.

బాగుపడదు. ఆ డబ్బు అలాగే ఉంచండి. మీరు చెప్పిన మూడు లోపాల్లో ఒక్కటి కూడా కెటిల్ వల్ల వచ్చింది కాదు, రెసిపీ వల్ల వచ్చింది అసలే కాదు. కొత్తగా మొదలుపెట్టినవాళ్ల దృష్టంతా కాచే రోజు మీదే ఉంటుంది. పొయ్యి, ఆవిరి, హాప్స్ వాసన, టైమర్ మోత, నాలుగైదు గంటల హడావుడి. ఆ రోజు మనం తయారు చేసేది తీపి రసం, అంటే వోర్ట్ మాత్రమే. దాన్ని బీరు చేసేది ఈస్ట్. అది పని చేసే రెండు వారాలూ బకెట్‌ను మూల పెట్టి మర్చిపోతాం. పాడయ్యేది అక్కడే. మీ మూడు బ్యాచ్‌లూ పొయ్యి దిగాకే దెబ్బతిన్నాయి.

మూడోదానితో మొదలుపెడతాను, ఎందుకంటే ఎక్కువమందిని దెబ్బతీసేది ఇదే. గది 26 డిగ్రీలు ఉందని, వోర్ట్ 'చేతికి వేడి తగలట్లేదు' అనిపించగానే ఈస్ట్ చల్లానని రాశారు. బకెట్ గోడ చేతికి వేడి తగలట్లేదంటే లోపల 33, 34 డిగ్రీలు ఉన్నా ఉండొచ్చు. మన ఒళ్లే అంత వెచ్చగా ఉంటుంది కాబట్టి చెయ్యి ఈ విషయంలో మంచి థర్మామీటర్ కాదు. దానికి తోడు, పులిసేటప్పుడు ఈస్ట్ తనంతట తానే వేడి పుట్టిస్తుంది. జోరు మీద ఉన్నప్పుడు బకెట్ లోపల గది కంటే మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ ఉండటం మామూలే. అంటే మీ 26 డిగ్రీల గదిలో ఈస్ట్ 30 దగ్గర పనిచేసింది. సాధారణ ఏల్ (కాస్త వెచ్చగా పులియబెట్టే బీరు) ఈస్ట్‌లు చాలావరకు 18 నుంచి 20 డిగ్రీల దగ్గర శుభ్రమైన రుచినిస్తాయి. అంత వేడిలో అవి ఫ్యూసెల్ ఆల్కహాల్స్ అనే ఘాటైన ఆల్కహాల్స్‌ను ఎక్కువగా తయారు చేస్తాయి. గొంతులో మంట వాటిదే. నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన ఎథిల్ ఎసిటేట్‌ది. అది ఎస్టర్ అనే రకం వాసన పదార్థం. కొద్దిగా ఉంటే పండు వాసనలా బాగుంటుంది, ఎక్కువైతే మీ బాటిల్‌లో ఉన్నట్టు ఉంటుంది.

కొన్ని నెలలు మగ్గబెట్టండి, తగ్గుతుంది అని ఎవరైనా చెప్తే నమ్మకండి. మంట కొంచెం మెత్తబడుతుందేమో గానీ ఫ్యూసెల్స్ పోవు.

ఈ రుచులు చాలావరకు మొదటి రెండు మూడు రోజుల్లోనే, ఈస్ట్ కణాలు రెట్టింపు అవుతూ పోయే దశలోనే పుడతాయి. కాబట్టి చలువ అవసరమైంది అప్పుడే. వోర్ట్‌ను 17, 18 డిగ్రీలకు దించాకే ఈస్ట్ వేయండి. ఆ రాత్రికి దిగకపోతే శుభ్రంగా మూతపెట్టి పొద్దున వేయండి, కొంపేమీ మునగదు. తర్వాత బకెట్‌ను పెద్ద టబ్బులో, సగం ఎత్తు దాకా నీళ్లలో పెట్టి, గడ్డకట్టించిన నీళ్ల బాటిల్స్‌ను పొద్దునా సాయంత్రం మారుస్తూ ఉండండి. తడి గుడ్డ చుట్టి ఫ్యాన్ పెట్టే పద్ధతి పొడి వాతావరణంలో బాగా పనిచేస్తుంది, ఉక్కగా ఉన్నచోట అంతగా కాదు. పాత ఫ్రిజ్ ఒకటి, ఉష్ణోగ్రతను బట్టి దాన్ని ఆన్ ఆఫ్ చేసే చిన్న కంట్రోలర్ ఒకటి దొరికితే ఇంక అడగాల్సింది లేదు. ఆ కంట్రోలర్ సెన్సర్‌ను ఫ్రిజ్ గాలిలో వేలాడదీయకుండా బకెట్ గోడకు టేపుతో అంటించి, పైన మందపాటి స్పాంజి ముక్క కప్పండి. లేకపోతే అది కొలిచేది గాలిని, బీరును కాదు. మీరు డబ్బు పెట్టాలంటే ఇక్కడ పెట్టండి. నాలుగో రోజు దాటాక పైన నురగ దిగుతుంటే 20, 21 దాకా మెల్లగా పెరగనివ్వండి. అప్పుడు వేడి వల్ల నష్టం లేదు. పైగా వెన్న వాసననిచ్చే డయాసిటైల్‌ను, పచ్చి ఆపిల్ వాసననిచ్చే ఎసిటాల్డిహైడ్‌ను ఈస్ట్ తనే శుభ్రం చేసుకుంటుంది.

చల్లబరచడం అసలు కుదరదంటే, గదిని మార్చలేనప్పుడు ఈస్ట్‌ను మార్చండి. నార్వే పల్లెల్లో తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చిన క్వైక్ ఈస్ట్‌లు 30 డిగ్రీలు దాటినా హాయిగా పనిచేస్తాయి. సైజాన్ అనే బెల్జియన్ తరహా బీరు ఈస్ట్‌లకూ వెచ్చదనం ఇష్టమే. కాకపోతే సైజాన్ ఈస్ట్‌ల్లో చాలావాటికి ఒక గుణం ఉంది. మామూలు ఈస్ట్ వదిలేసే డెక్స్‌ట్రిన్‌లను (పొడవాటి చక్కెర గొలుసులను) కూడా ఇవి మెల్లగా తినేస్తాయి. ప్యాకెట్ మీద 'డయాస్టాటికస్' అని ఉంటే అదే. అలాంటివాటితో బాటిల్ చేయడానికి అస్సలు తొందరపడకూడదు.

ఈస్ట్ ఎంత వేశారో మీరు రాయలేదు. కిట్ మూత కింద పెట్టి ఇచ్చే చిన్న ప్యాకెట్ ఒక్కటే వేసి ఉంటే అది చాలదు, అందులో ఉండేది తరచూ 5 నుంచి 7 గ్రాములే. 1.050 లోపు గ్రావిటీ (నీళ్లతో పోలిస్తే వోర్ట్ సాంద్రత, చక్కెర ఎక్కువైతే ఇదీ ఎక్కువ) ఉన్న 20 లీటర్లకు తాజా 11 గ్రాముల పొడి ఈస్ట్ ప్యాకెట్ ఒకటి సరిపోతుంది. గాఢమైన బీరుకైతే రెండు.

ఇక రెండో బ్యాచ్. ఇది రుచికి సంబంధించిన సంగతి కాదు, కళ్లకు సంబంధించినది. మిగిలిన బాటిల్స్ ఇంకా అలమరాలోనే ఉంటే, ఇది చదవడం ఆపి ముందు వాటి సంగతి చూడండి. కళ్లద్దాలు, మందపాటి గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా వేసుకుని, మందపాటి టవల్ కప్పి, ఒక్కొక్కటిగా మూత ఉన్న పెట్టెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. చల్లబడితే ఒత్తిడి తగ్గుతుంది. పూర్తిగా చల్లబడ్డాకే, టవల్ తీయకుండా, సింక్‌లో మూత కొద్దిగా లేపి గ్యాస్ వదలండి. ఇంట్లో పిల్లలుంటే అటువైపు రానివ్వకండి.

ఎందుకలా అయిందంటే, 'ఐదో రోజు బుడగలు ఆగిపోయాయి, బాటిల్ చేశాను' అన్న మీ వాక్యంలోనే జవాబుంది. ఎయిర్‌లాక్‌లో (గ్యాస్‌ను బయటికి వదిలి, గాలిని లోపలికి రానివ్వని నీళ్ల గొట్టం) బుడగ గ్యాస్ బయటికి పోతోందని చెప్తుంది, అంతే. మూత సరిగ్గా బిగుసుకోకపోతే పులుస్తున్నా బుడగ రాదు. పులియడం అయిపోయినా గది వేడెక్కితే కరిగి ఉన్న గ్యాస్ బయటికొచ్చి బుడగలు వస్తాయి. దాన్ని చూసి నిర్ణయం తీసుకోవడానికి లేదు. బీరులో తేలుతూ గ్రావిటీ చూపించే గాజు గొట్టం, హైడ్రోమీటర్ చెప్పాలి. రెండు మూడు రోజుల తేడాతో తీసిన రెండు రీడింగులు ఒకటే ఉండాలి, ఆ అంకె మీరు అనుకున్న చివరి గ్రావిటీకి దగ్గరగా కూడా ఉండాలి. మామూలు పేల్ ఏల్ 1.048 దగ్గర మొదలైతే 1.010, 1.012 మధ్య ఆగుతుంది.

లెక్క వేసి చూడండి, ఎంత ప్రమాదమో తెలుస్తుంది. ఒక లీటరు బీరులో ఒక లీటరు కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటే దాన్ని ఒక వాల్యూమ్ అంటారు. మామూలు ఏల్‌కు 2.4 వాల్యూమ్‌లు చాలు. గ్రావిటీ 0.001 తగ్గిన ప్రతిసారీ సుమారు అర వాల్యూమ్ గ్యాస్ పుడుతుంది. బీరు 1.011కు దిగాల్సి ఉండగా మీరు 1.016 దగ్గర మూత బిగించారనుకుందాం. మిగిలిన ఐదు పాయింట్లూ బాటిల్‌లో పులిస్తే రెండున్నర వాల్యూమ్‌లు. మీరు గ్యాస్ కోసం వేసిన చక్కెర ఇచ్చే దానికి ఇది అదనం. మొత్తం ఐదు దాకా పోతుంది. మామూలు బీరు బాటిల్ గాజు అంత ఒత్తిడి కోసం తయారుచేసినది కాదు.

చక్కెర కూడా చెంచాతో వేశానన్నారు. చెంచాలో ఎంత పడుతుందో చెంచాకే తెలియదు. త్రాసు మీద తూచండి. 20 డిగ్రీల దగ్గర పులిసిన బీరుకు, 2.4 వాల్యూమ్‌ల కోసం లీటరుకు సుమారు 6 గ్రాముల మామూలు చక్కెర, అంటే 20 లీటర్లకు 120 గ్రాముల లోపే. కొద్ది నీళ్లలో మరిగించి చల్లార్చి, బాట్లింగ్ బకెట్ అడుగున ముందు అది పోసి, పైన బీరును సైఫన్ గొట్టంతో చప్పుడు కాకుండా దించండి. చివర్లో శుభ్రమైన గరిటెతో రెండు మూడుసార్లు నెమ్మదిగా తిప్పండి. కలవకపోతే కొన్ని బాటిల్స్ చప్పగా, కొన్ని బాంబుల్లా తయారవుతాయి.

పొంగే బాటిల్‌కు కారణం ఏదో కనిపెట్టొచ్చు. కొంచెం బీరు గ్లాసులోకి తీసి, గ్యాస్ పోయేదాకా రెండు గ్లాసుల మధ్య తిరగపోసి హైడ్రోమీటర్ ముంచండి. గ్యాస్ ఉంటే బుడగలు అంటుకుని హైడ్రోమీటర్ పైకి తేలి తప్పు చూపిస్తుంది. బాటిల్ చేసిన రోజు కంటే గ్రావిటీ బాగా తగ్గిందంటే, పులియడం ముగియకముందే బాటిల్ చేసినట్టు లేదా బయటి సూక్ష్మజీవి చేరినట్టు. ఈ రెండింట్లో ఏదో నాలుక చెప్తుంది. రుచి మామూలుగా ఉంటే మొదటిది. పులుపో, లవంగం వాసనో, నీళ్లలా పలుచదనమో ఉంటే రెండోది. గ్రావిటీ మారకుండా అన్నీ ఒకేలా పొంగుతుంటే చక్కెర ఎక్కువైంది. ఏవో నాలుగైదు మాత్రమే పొంగుతుంటే ఆ బాటిల్స్ సరిగ్గా కడగలేదు, లేదా చక్కెర కలవలేదు. మీది మొదటి రకమని నా అంచనా.

బ్యాండేజీ వాసన గురించి. మూడింట్లో కారణం తేలిగ్గా దొరికేది ఇదే. ఎక్స్‌ట్రాక్ట్‌ను కొద్ది నీళ్లలో కాచి, చల్లార్చడానికి కుళాయి నీళ్లు నేరుగా పోశానని రాశారు. బకెట్‌ను బ్లీచ్‌తో కడిగి ఒక్కసారి తొలిపానని కూడా అదే పేరాలో ఉంది. క్లోరిన్ రెండు దారుల్లో వచ్చిందన్నమాట. మాల్ట్‌లో, ఈస్ట్ పనిలో సహజంగా ఉండే ఫినాల్స్‌తో క్లోరిన్ కలిస్తే క్లోరోఫినాల్స్ పుడతాయి. వంద కోట్ల భాగాల్లో కొన్ని భాగాలున్నా ముక్కు పట్టేస్తుంది. పుట్టాక తీసేసే మార్గం లేదు. ఆ బ్యాచ్ పారబోయండి.

మరిగిస్తే మామూలు క్లోరిన్ పోతుంది. కానీ చాలాచోట్ల నీళ్లలో వాడే క్లోరమిన్ అంత తేలిగ్గా పోదు. దానికి క్యాంప్‌డెన్ బిళ్ల ఉంది, అంటే పొటాషియం లేదా సోడియం మెటాబైసల్ఫైట్. ఒక బిళ్ల 75 లీటర్లకు సరిపోతుంది కాబట్టి మీకు పావు బిళ్ల చాలు. పొడి చేసి నీళ్లలో కలిపితే నిమిషాల్లో రెండు రకాల క్లోరిన్‌నూ విరిచేస్తుంది. కాచే నీళ్లకే కాదు, తర్వాత కలిపే నీళ్లకూ ఇది చేయాలి. ఎక్కువమంది మర్చిపోయేది ఆ రెండోదే. బ్లీచ్ పక్కన పెట్టి, వాడాక నీళ్లతో తొలపనవసరం లేని ఆమ్ల శానిటైజర్ గానీ, అయొడిన్ ఉన్న అయొడోఫర్ గానీ వాడండి. డబ్బా మీద రాసిన పాళ్లలోనే కలపండి. 'ఇంకాస్త వేస్తే ఇంకాస్త శుభ్రం' అనేది ఇక్కడ చెల్లదు.

శుభ్రత మాట వచ్చింది కాబట్టి ఒక పని చెప్తాను, ఇవాళే చేయండి. మీ బకెట్ కింద ఉన్న ప్లాస్టిక్ కుళాయిని విప్పండి. వాషర్ తీసి, కుళాయి లోపలి తిరిగే భాగాన్ని వేడినీళ్లలో కాసేపు ఉంచి వేలితో బయటికి నెట్టండి. వాషర్ వెనక గోధుమ రంగు వలయం, వేలికి జిగటగా తగిలే పొర కనిపించే అవకాశం చాలా ఎక్కువ. అది పాత బీరు మడ్డి, అందులో బ్యాక్టీరియా హాయిగా కాపురం ఉంటుంది. శానిటైజర్ మురికిని తీయదు, మురికి కింద ఉన్నదాన్ని చంపదు కూడా. ముందు కడగడం, తర్వాత శానిటైజ్ చేయడం, ఇవి రెండూ వేరు వేరు పనులు. గరుకు పీచుతో రుద్దితే ప్లాస్టిక్ మీద గీతలు పడి కొత్త ఇళ్లు కట్టిచ్చినట్టవుతుంది, మెత్తటి గుడ్డ వాడండి. మరగడానికి ముందు వాడే గరిటెలు, గిన్నెల గురించి టెన్షన్ అక్కర్లేదు, మంట చూసుకుంటుంది. మరిగాక వోర్ట్‌ను తాకే ప్రతిదీ శానిటైజ్ కావాలి. ఈస్ట్ ప్యాకెట్, దాన్ని కత్తిరించే కత్తెర కూడా.

ఇదేమీ అమెచ్యూర్ల బాధ మాత్రమే కాదు లెండి. కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ లాంటి పెద్ద బ్రూవరీయే ఒకప్పుడు బీరు చెడిపోతుంటే తల పట్టుకుంది. అడవి ఈస్ట్ కలిసిపోవడం వల్లే అలా అవుతోందని అక్కడి ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ తేల్చి, 1883లో ఒకే కణం నుంచి స్వచ్ఛమైన ఈస్ట్‌ను పెంచాడు. ఇవాళ మనం ప్యాకెట్ చించి వేస్తున్నది ఆ పద్ధతి ఫలమే.

మీకు ఇంకా ఎదురుకాని చిక్కులు కొన్ని ఉన్నాయి. పులిశాక బీరుకు గాలి తగలనివ్వకండి. అటూ ఇటూ పోయడం, చప్పుడయ్యేలా దించడం, రోజూ మూత తీసి తొంగిచూడటం, వీటివల్ల కొన్ని వారాల్లో తడిసిన అట్టపెట్టె రుచి వస్తుంది. హాప్స్ ఎక్కువున్న బీర్లు అన్నిటికంటే ముందు పాడవుతాయి. పులియడానికి ముందు మాత్రం, చల్లారిన వోర్ట్‌కు గాలి కావాలి, అప్పుడు గట్టిగా కుదపండి. రెండో బకెట్‌లోకి మార్చి 'సెకండరీ' చేయమని పాత సలహాలు చెప్తాయి. ఈ పరిమాణంలో మామూలు ఏల్‌కు అవసరం లేదు, గాలి తగలడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. బాటిల్స్‌కు ఎండ, ట్యూబ్‌లైటు తగలనివ్వకండి. హాప్స్ చేదు పదార్థాలు వెలుతురులో విరిగి, స్కంక్ అనే జంతువు వదిలే కంపు లాంటిది కొడుతుంది. గోధుమ రంగు గాజు కొంత కాపాడుతుంది, పచ్చది పెద్దగా కాపాడదు. వోర్ట్ మరిగేటప్పుడు కుండ మూత పూర్తిగా పెట్టకండి.

భయపడనక్కర్లేనివి కూడా ఉన్నాయి. బకెట్‌లో పైన తేలే గోధుమ రంగు తెట్టు, గోడలకు అంటిన మడ్డి, కొన్ని లాగర్ (చల్లగా పులియబెట్టే బీరు) ఈస్ట్‌ల నుంచి వచ్చే కుళ్లిన గుడ్డు వాసన, ఇవన్నీ మామూలే. బూజు అనుకుని బ్యాచ్ పారబోసినవాళ్లను చాలామందిని చూశాను. రెండు వారాలు ఆగితే మంచి బీరయ్యేవి. ఇంకొకటి, ఎక్స్‌ట్రాక్ట్‌లో నీళ్లు కలిపాక మొదటి గ్రావిటీ తేడాగా వస్తే కంగారుపడకండి. చిక్కటి వోర్ట్ అడుగున, నీళ్లు పైన ఉండిపోయి రీడింగ్ తప్పుతుంది. ఎక్స్‌ట్రాక్ట్ బరువు, మొత్తం లీటర్లు సరిగ్గా ఉంటే గ్రావిటీ కూడా సరిగ్గానే ఉన్నట్టు.

ఇప్పుడు నాలుగో బ్యాచ్. ప్రతిసారీ అన్నీ మార్చేశారు కాబట్టి మీ దగ్గర మూడు బ్యాచ్‌లు ఉన్నా పోల్చుకోవడానికి ఒక్కటీ లేదు. మూడో రెసిపీనే తీసుకోండి, అదే ఈస్ట్, అవే హాప్స్. వోర్ట్ అయ్యాక 10 లీటర్ల చొప్పున రెండు బకెట్లలో పోయండి. ఈస్ట్‌ను సమానంగా పంచండి. ఒకటి మంచు బాటిల్స్ టబ్బులో 18 దగ్గర, ఇంకొకటి గదిలో అలాగే. మిగతాదంతా ఒకటే. ఈస్ట్ వేసిన వేడి, మొదటి ఐదు రోజులూ బకెట్ గోడ ఉష్ణోగ్రత పొద్దునా సాయంత్రం, హైడ్రోమీటర్ రీడింగులు, తూచిన చక్కెర, తేదీలు, ఇంతవరకు రాస్తే చాలు. బాటిల్ చేసి మూడు వారాలయ్యాక ఇంట్లో ఎవరినైనా మూడు గ్లాసులు పోయమనండి, రెండింట్లో ఒకటే బీరు, మూడోదాంట్లో వేరేది. ఏది వేరో మీరు చూడకుండా వాసనతో పట్టుకోవాలి. ఈ విషయంలో మీరు కష్టపడాల్సి వస్తుందని నేననుకోను.

మీరుండే చోట ఇంట్లో బీరు చేసుకోవడానికి చట్టం ఒప్పుకుంటుందో లేదో, ఎన్ని లీటర్ల దాకానో ఈపాటికే చూసుకుని ఉంటారు. లేకపోతే చూసుకోండి.

ఆల్ గ్రెయిన్ గురించి కూడా అడిగారు కాబట్టి, చల్లటి బకెట్ బీరు మీకు నచ్చాకే అటు వెళ్లండి. అప్పుడు కూడా పెద్ద కెటిల్ కంటే ముందు గింజ ఎలా నలిగిందో చూడటం నేర్చుకోవాలి. పొట్టు చీలి పెద్ద ముక్కలుగా ఉండాలి, లోపలి పప్పు మూడు నాలుగు తునకలవ్వాలి, నలగని గింజ కనబడకూడదు. నీళ్లు కలిపాక 66, 67 డిగ్రీల దగ్గర గంటసేపు నిలపగలిగితే ఆ పని అయినట్టే. ఆ వోర్ట్ కూడా చివరికి ఇదే బకెట్‌లోకి, ఇదే కుళాయి ఉన్నదాంట్లోకి రావాలి. అందుకే ముందు ఆ వాషర్ విప్పి చూడమన్నాను.